బుట్టలో చావని ఆల్చిప్పలు

ఆ రేవులో కోతలరాయుడంటే తెలియనివాళ్లు లేరు. అతని గొప్పలు ఆరబెడితే ఎండుచేపలకు చోటు మిగిలేది కాదు. ఓసారి తిమింగలం వచ్చి తన పడవకు వీపు రుద్దుకుని వెళ్లిందట. తుపానులో అల మీద కునుకు తీశాడట. విన్నవాళ్లు టీ ఇప్పించేవారు గానీ, నమ్మినవాడు ఒక్కడూ లేడు.

అలాంటి మనిషిని నమ్మి, సముద్రపు నీళ్లు పరీక్షించే ల్యాబ్ మేడమ్ ఓ పని అప్పగించింది. ఫ్యాక్టరీ గొట్టం సముద్రంలో కలిసేచోట ఆల్చిప్పలతో నింపిన జాలీబుట్ట వేలాడదీసి, నెల తర్వాత తెచ్చివ్వాలి. వాటి కణాలను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తారు. కణం మధ్యలో పెద్ద చుక్కలా కనిపించే కేంద్రకం పక్కన తెగిపడ్డ చిన్న చుక్కలు ఎక్కువగా కనబడితే, ఆ నీళ్లు జన్యువులనే చీల్చేస్తున్నట్టు. అప్పుడు గొట్టం మూయించవచ్చు. ఆ గొట్టం పక్క బండల మీదే అతని భార్య ఆల్చిప్పలు ఏరి అమ్మేది. ఆమె చేతులకు మానని పుళ్లు. ఒప్పుకున్నది అందుకే.

వారం తిరక్కుండానే బుట్టలో సగం చిప్పలు నోళ్లు తెరిచేశాయి. రాయుడికి తల కొట్టేసినట్టయింది. తన చేతికిచ్చిన ప్రాణులు చచ్చాయంటే రేవులో పరువేం కాను? చచ్చినవాటిని పారేసి, గొట్టం నీళ్లు చేరని దూరపు దిబ్బ దగ్గర బలిసినవి ఏరి తెచ్చి సర్దాడు. మళ్లీ కొన్ని చచ్చినప్పుడల్లా అదే చేశాడు.

"ఒక్కటీ పోలేదు మేడమ్. కొత్తల్లుళ్లకు చేసినట్టు చేశా," అంటూ బుట్ట అప్పగించాడు.

చిన్న చుక్కలు దాదాపు లేవని, నీళ్లకు దోషం లేదని రిపోర్టు వచ్చింది. భార్య ఆ మాట విని తన చేతులు తిప్పి చూసుకుంది.

"మరి ఇవేంటయ్యా?"

తను చేసిందేమిటో అప్పటికిగానీ అతనికి ఎక్కలేదు.

గొట్టం సంగతి తేల్చే మీటింగులో లేచి నిలబడి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో అంత నిజం చెప్పడం అదే మొదలు. ఫ్యాక్టరీ మేనేజరు ఓపిగ్గా విన్నాడు.

"సాక్ష్యానికి ఆ తిమింగలం కూడా వస్తుందా రాయుడూ?"

హాలంతా గొల్లున నవ్వింది. అతని సొంత బావమరిదీ నవ్వాడు. మేడమ్ మాత్రం నవ్వకుండా, చచ్చిన చిప్పలేవని అడిగింది. పారేశానన్నాడు. గొట్టానికి ఇంకో ఏడాది అనుమతి ఇచ్చేశారు.

మేడమ్ ఊరుకోలేదు, మళ్లీ బుట్ట కట్టించింది. "ఈసారి ఏది పోయినా ముట్టుకోకు బాబాయ్," అని మాత్రం అంది.

ఇప్పుడు రాయుడు రోజూ పొద్దున్నే పడవలో వెళ్లి బుట్ట పైకి లాగి చూస్తాడు, మళ్లీ దించేస్తాడు. చెయ్యి దురదపెడుతుంది గానీ దేన్నీ మార్చడు. టీకొట్లో కథ చెప్పమంటే మొహం తిప్పుకుంటాడు. అవతల బండల మీద భార్య నడుం వంచి ఏరుతూనే ఉంటుంది. వేరే బతుకుతెరువు లేదు.

"ఇవాళ ఎలా ఉన్నాయి?" అని ఆమె కేకేసింది.

కొత్తగా మరికొన్ని నోళ్లు తెరిచి ఉన్నాయి. బ్రహ్మాండంగా ఉన్నాయనే మాట అలవాటుగా నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, పోయినవి ఎన్నో ఆమెకు వేళ్లతో చూపించాడు.