రిస్తెన్ పెద్దమ్మ మంద, రైలు గీత

ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, ఇనారి సరస్సుకి ఉత్తరాన, దుప్పులు కాసుకుని బతికే మా సామీల్లో అడగకూడని ప్రశ్న ఒకటుంది: "నీకు రెయిన్‌డీర్ దుప్పులెన్ని?" అడిగినవాడు సిగ్గులేనివాడు, చెప్పినవాడు గొప్పలకు పోయేవాడు. మా రిస్తెన్ పెద్దమ్మ మొగుడు పోయాక పాతికేళ్లు ఒంటిచేత్తో మంద కాసింది. ఏటా వేసవిలో ఎవరివో తెలిసేలా దూడల చెవులకు కత్తితో గాట్లు పెట్టేటప్పుడు పక్కన నేనుండేదాన్ని. లెక్క నాకు తెలుసు. ఎన్నడూ నోటి వెంట రానివ్వలేదు.

ఉత్తర ధ్రువ సముద్రం దాకా రైలు వేస్తామని దక్షిణాది వాళ్లు పటం పట్టుకొచ్చారు. అక్కడ మంచు కరుగుతోందట, చైనా ఓడలు వస్తాయట, సరుకంతా మా గుమ్మం ముందు నుంచే యూరప్‌కి పోతుందట. పటం మీద గీత సరిగ్గా పెద్దమ్మ దుప్పులు ఈనే గుట్టల మీదుగా పోయింది. ఈనిన దుప్పి బెదిరిందంటే దూడను వదిలేసి పోతుంది. ఆ గుట్టలు పోతే మంద పోయినట్టే.

సర్వేకి తుర్పేనెన్ అనే అధికారి వచ్చాడు. నేను దుబాసీని. పెద్దమ్మ మా పద్ధతిలో కాఫీలో జున్ను ముక్కలు వేసి ఇచ్చింది.

"మీకెన్ని ఉన్నాయమ్మా?" అన్నాడు.

పెద్దమ్మ మొహం కందిపోయింది. "కన్నవాళ్లు వీడికి నేర్పింది ఇదేనటే?" అని నాతో గొణిగి, "ఉన్నాయిలే, కూరకి సరిపడా నాలుగు" అంది.

నేను "కొన్ని" అని చెప్పాను. ఆయన రాసుకున్నాడు. పెద్దమ్మ మర్యాద నిలబెట్టానని మురిసిపోయాను, వెర్రిమొహాన్ని.

"చెప్పుకోదగ్గ మందల్లేవు" అని నివేదిక వచ్చింది. ఈలోగా సరిహద్దు అవతలి దేశం యుద్ధానికి దిగింది. చైనా సరుకన్న నోళ్లే ఇప్పుడు సైన్యం, ట్యాంకులు అన్నాయి. కారణం మారింది గానీ గీత వెంట్రుకవాసి జరగలేదు.

పరిహారం తేల్చడానికి పెట్టిన ఊరి సభలో పెద్దమ్మ లేచి నిలబడింది. "మూడువందల అరవై రెండు" అంది. మావాళ్లంతా ఆవిడ బట్టలు విప్పుకున్నట్టు తలలు దించుకున్నారు.

తుర్పేనెన్ కాగితం తిరగేశాడు. "అప్పుడు కొన్నే అన్నారుగా? పరిహారం అనేసరికి ఈనాయా? సరే, ఎవరైనా సాక్ష్యం చెబుతారా?"

పెద్దమ్మ నావైపు చూసింది. ఒకరి మంద లెక్క ఇంకొకరు బయటపెట్టడం మాలో దొంగతనం కన్నా హీనం. పక్కన మా ఆయన, వెనక మా అత్తగారు. నేనూ తల దించుకున్నాను.

బయటికొచ్చాక అడిగింది: "నా పరువు నేనే తీసుకున్నానే. నీది భద్రంగా ఉందా తల్లీ?"

భద్రంగానే ఉంది. మే నెలలో, సరిగ్గా దుప్పులు ఈనే వేళ, ఆ గుట్టల మీద రైలు దారికి గుర్తుగా యంత్రాలతో కొయ్యలు పాతారు. దుప్పులు చెల్లాచెదురైపోయాయి. చచ్చిన దూడల్ని పెద్దమ్మ ఒక్కతే ఏరుకుంది. సాయానికి నన్ను పిలవలేదు.