తాళం వేసిన ఇంట్లో టమాట మొక్క

లక్డారం ఊళ్ళో ఉన్న అక్కా, మోకాళ్ళ నొప్పి తగ్గిందా? తమ్ముడూ, నీ దగ్గు ఎట్లుంది? నేను బాగానే ఉన్నాను, దిగులు తప్ప.

దొంగల భయంతో ఈ రోజూ కొడుకు, కోడలు నన్ను ఇంట్లో ఉంచి, బయట తాళం వేసి ఫ్యాక్టరీకి వెళ్ళారు. బాల్కనీలో టమాట ఆకులను పురుగు కొరికేసింది. చిగుళ్ళకు రసం పీల్చే పేనుబంక పట్టింది. నాలాగే ఎటూ పోలేని మొక్క చచ్చిపోతుందేమోనని, హాస్టల్లో ఉండి పంటల చదువు చదివే మనవరాలికి ఫోన్ చేశాను.

“పరేషాన్ గాకు నానమ్మా. నమిలే పురుగుకు అరగకుండ మొక్కనే తన ఆకులల్ల ఒక మందు పుట్టిస్తది. రసం పీల్చేదానికి ఇంకో తీరు మందు. కదలరాదు గదా, గందుకే గన్ని ఉపాయాలు.”

సాయంత్రం నాకూ ఒక తాళంచెవి కావాలన్నాను. కొడుకు కసిరితే అన్నం ముట్టలేదు. కోడలు బుజ్జగిస్తే ఏడ్చాను. తాళంచెవి చేతికొచ్చింది. మీరైతే ఏం చేసేవారు?

అక్కా, ఆదివారం పొద్దున నేనే తాళం వేసుకుని మీ ఇంటికి వస్తున్నాను.