గడప దగ్గర ఆగిన నిమ్మకాయ

ఆ రోజుల్లో నన్నెవరూ అనుమానించేవారు కాదు. ఇది గొప్పకు చెప్పుకోవడం కాదు. అనుమానించడానికైనా మనిషిలో కొంత సరుకు కనిపించాలి. డిగ్రీ ముగించి, జావా నేర్చుకుంటానని ఏలూరు వైపు నుంచి వచ్చి, ఎల్బీ నగర్‌లో పిన్ని వాళ్ల ఫ్లాట్‌లో దిగినవాణ్ణి. మెట్రో అక్కడిదాకా వచ్చిన కొత్త. పొద్దున్నే పిన్ని కట్టిచ్చిన క్యారేజీ పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేవాణ్ణి. మా కోచింగ్ సెంటర్ రెండో అంతస్తులో ఉండేది. మూడో అంతస్తులో పూల్ హాలు, అంటే బల్ల మీద బంతుల్ని కర్రతో కొట్టి గుంటల్లో వేసే ఆట ఉండేది. నేను ఒక్క అంతస్తు ఎక్కువ ఎక్కేవాణ్ణి. నా తప్పేమన్నా ఉంటే అంతే.

ఆ హాలు చూసుకునే ఆయన్ని అందరూ తాబేలన్న అనేవాళ్లు. మూడో రోజునే నా ఆట చూసి పక్కకు పిలిచాడు. "ఏం తమ్మీ, బంతి మీద నీకేమన్న పాత పగ ఉన్నదా?" అన్నాడు. నేను కొడితే తెల్లబంతి బల్లంతా తిరిగి, ఏ బంతినీ పలకరించకుండా, తానే వెళ్లి గుంటలో పడేది. "కొట్టుడు ఎవనికైనా ఒస్తది. ఆపుడు రావాలె. పండుకున్న పిల్లను లేపినట్టు జర మెల్లగ ముట్టుకో. బంతి పోయి నువ్వు అనుకున్న కాడ ఆగాలె. ఇంచు ముందు కాదు, ఇంచు ఎనక కాదు." ఊరకే ఎవరూ ఏదీ నేర్పరని మావాళ్లు చెప్పి పంపారు కాబట్టి, ఈయనకు నాతో ఏం పని అని ఒక వారం అనుమానించాను. (బల్ల మీద బట్ట చిరగకుండా కాపాడుకోవడమే ఆయన పని అని తర్వాత తెలిసింది.) "ఈడ బల్ల ఖాళీ దొరకదు. ఇంట్ల ప్రాక్టీస్ చెయ్. గుండ్రగ ఏది దొరికితే గది పట్టుకో" అని ముగించాడు.

పిన్ని వంటింట్లో గుండ్రంగా ఉన్నవన్నీ పరీక్షించాను. ఉల్లిపాయ తన తోక చుట్టూ తానే తిరుగుతుంది. టమాటాకు ఓర్పు తక్కువ. నిమ్మకాయ మిగిలింది. అదీ పూర్తి గుండ్రం కాదు గానీ, నిమ్మకాయను అనుకున్న చోట ఆపగలిగినవాడు దేన్నయినా ఆపగలడని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. బూజుకర్ర వెనక కొస నా ఆయుధం. మధ్యాహ్నం రెండింటికి నేను ఇల్లు చేరేసరికి పిన్ని లోపల కునుకులో ఉండేది. గాలి కోసం వీధి తలుపు తీసే ఉంచేది. హాల్లో మోకాళ్ల మీద కూర్చుని, నిమ్మకాయ సరిగ్గా గడప దగ్గర ఆగేలా కొట్టడం నా సాధన. (అపార్ట్‌మెంటు గడప పేరుకే గడప, నేలతో సమానంగా పరిచి పసుపు రాసిన రాతిపలక. దేన్నీ ఆపదు.) బంతి జారుతోందో దొర్లుతోందో తెలియాలంటే దానికో చుక్క పెట్టుకోమని తాబేలన్న చెప్పాడు. స్కెచ్ పెన్ కనబడలేదు. దేవుడి గూట్లో కుంకుమ కనబడింది. ఆ క్షణంలో నా చదువంతా నా దగ్గరే ఉంది. ఒక్క ముక్కా అడ్డు చెప్పలేదు.

పిన్ని మంచం కిర్రుమంటే కర్ర మూలన పెట్టి, చేతికి దొరికిన కాయలు తీసి దాచేవాణ్ణి. దొరకనివి దొరకలేదు. ఒక మంగళవారం సాయంత్రం పిన్ని ముగ్గుచిప్ప పట్టుకుని వెళ్లి అలాగే వెనక్కి వచ్చింది. "ఒరేయ్, గడప మీద నిమ్మకాయ. బొట్టు పెట్టి ఉంది. ఎవరు పెట్టారంటావ్?" అంది. చెప్పేయవలసింది. చెబితే కర్ర ఎందుకు, కాయ ఎందుకు, మూడో అంతస్తు ఎందుకు అన్నీ చెప్పాలి. బాబాయి ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. ఆ సాయంత్రమే ఏలూరు బస్సెక్కించేవాడు. "ఏమో పిన్నీ" అన్నాను. ఆ ఒక్క మాటే విత్తనంలా పడింది.

అనుమానానికి దగ్గరలో ఉన్నది ఎదుటి ఫ్లాటు. అందులో పోచంపల్లి ఆంటీ. చంపాపేట్‌లో చీరల షాపు. పదేళ్లుగా ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటూ, కరివేపాకు నుంచి కబుర్ల దాకా పంచుకుంటూ, ఒకే చాప మీద ఒడియాలు ఎండబెట్టుకునేవారు. "మొన్న మన కొత్త ఫ్రిజ్ చూసి 'మంచిగున్నది వదినా' అందిరా. అంత మంచిగా ఎందుకనాలి?" అంది పిన్ని. వారం తిరక్కుండా రెండో కాయ ఆంటీ గడప దగ్గర దొరికింది. "మా ఇంటి ముందట నిమ్మకాయ పెట్టిన చేతులు ఎవరియో నాకు ఎర్కలేదనుకుంటున్నరా?" అని ఆమె కారిడార్‌తో అంది. కారిడార్ ఏమీ అనలేదు. రెండు తలుపులూ మూతపడ్డాయి. డాబా మీద ఒడియాలకు రెండు చాపలయ్యాయి. పిన్నికి అన్నం సయించడం మానేసింది. నేను సాధన మానేశాను. నోరు మాత్రం విప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున ఆంటీ సామాన్లు సర్దుతున్న చప్పుడు. ఇల్లు ఖాళీ చేస్తారట. "పోత గానీ, గీ పని ఎవరు చేసిన్రో చూసినంకనే పోత" అని మా తలుపు కొట్టింది. కారిడార్ చివర కెమెరా ఒకటి ఉంది. దాన్ని ఎవరూ చూడరు కాబట్టి ఉన్నట్టు ఎవరికీ గుర్తులేదు. అసోసియేషన్ సెక్రటరీ హోదాలో బాబాయి తన ఫోన్‌లో ఆ కెమెరా రికార్డింగు తెరిచాడు. అంతస్తంతా చుట్టూ మూగింది.

ఖాళీ కారిడార్. మనిషి జాడ లేదు. మా తలుపులోంచి నిమ్మకాయ తనంతట తానే బయటికి వచ్చింది. ఎర్రచుక్క పైకొస్తూ, కిందికి పోతూ, తీరుబాటుగా దొర్లింది. మధ్యలో ఏదో ఆలోచించుకుంటున్నట్టు నెమ్మదించింది. మళ్లీ కదిలి, వెళ్లి, ఆంటీ గడప ముందు ఆగింది. బాబాయి "గాలి" అన్నాడు. ఇరవై ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన మనిషి గొంతు కాదది. నాకు భయం వేసింది, సిగ్గు వేసింది. వాటి కింద ఒక మూల, ఇంచు ముందు కాదు, ఇంచు వెనక కాదు అని చిన్న సంతోషం కూడా కలిగింది. అది నా నీచత్వం.

"మీ ఇంట్లకెల్లే ఒచ్చింది గదా. ఇన్నేండ్లు వదినా అని పిలిచిన. ఇప్పుడేమనాలె?" అంది ఆంటీ, కోపంగా కాదు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"ఆంటీ, అది నేనే" అన్నాను.

"ఎందుకు బిడ్డా, మీ పిన్ని కోసం నీ నెత్తిన ఏసుకుంటవు?"

"వాడికేం చేతకాదు వదినా, వాడేం చేస్తాడు?" అంది పిన్ని, ఏడుస్తూనే. నా నిర్దోషిత్వానికి అంత గట్టి సాక్ష్యం మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

ఇక చేసి చూపించడమే మిగిలింది. బూజుకర్ర తెచ్చాను. ఫ్రిజ్‌లోంచి నిమ్మకాయ తెచ్చాను. ("బొట్టు వద్దులే" అన్నాడు బాబాయి.) ఆంటీ తన గడపలో చేతులు కట్టుకుని నిలబడింది. హాల్లో మోకాళ్ల మీద కూర్చున్నాను. గట్టిగా తగిలితే వాళ్ల ఇంట్లోకి దూసుకుపోతుంది. మెల్లగా తగిలితే నేను అబద్ధాలకోరుని, పిన్ని మంత్రగత్తె. పండుకున్న పిల్లను లేపినట్టు ముట్టుకున్నాను. కాయ మా గడప దాటింది. కారిడార్‌లో జనం ఊరేగింపుకు దారిచ్చినట్టు జరిగారు. సగంలో నెమ్మదించింది. "పో, పో" అని గొణిగింది ఎవరో కాదు, పిన్ని. కాయ పోయింది. వాళ్ల గడప మీదికి వచ్చి, ఆంటీ కాలి బొటనవేలికి తగిలి ఆగింది. ఒక ఇంచు ఎక్కువ.

ఆంటీ కిందికి చూసింది. కర్రను చూసింది. నన్ను చూసింది. "గింతేనా! గీ పోరని నిమ్మకాయకా నేను గిన్నెలన్నీ మూటగట్టిన!" అని గడపలోనే కూలబడి నవ్వింది. పిన్ని అదే బూజుకర్రతో నాకు రెండు అంటించి, వెళ్లి ఆమె పక్కన కూర్చుని తనూ నవ్వడం మొదలుపెట్టింది. ఫ్రిజ్‌లో మిగిలిన కాయలన్నీ ఆ సాయంత్రమే ఊరగాయకు తరిగారు. ఇద్దరూ కలిసే తరిగారు.

నవ్వనిది బాబాయి ఒక్కడే. "కర్ర అలా పట్టడం ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నాడు. చెప్పాను. "జావా ఎంతవరకు వచ్చింది?" అన్నాడు. "లూపుల దగ్గర ఆగింది బాబాయ్" అన్నాను. "అక్కడ బాగానే ఆపావు" అన్నాడు. ఏలూరు పంపలేదు. నెల రోజులు నాతోపాటు మెట్రో ఎక్కి, నేను సరైన అంతస్తులో ఆగానో లేదో చూసుకుని కాలేజీకి వెళ్లాడు.

మొన్నీమధ్య ఆఫీసుకు సెలవు పెట్టి పిన్నిని చూడటానికి వెళ్లాను. భోజనమయ్యాక ఆమె కునుకు తీసింది. వీధి తలుపు గాలి కోసం తీసే ఉంది. ఎదుటి ఇంటికి తాళం. ఆంటీ షాపులో ఉంటుంది. ఫ్రిజ్‌లో నిమ్మకాయలున్నాయి. మూలన బూజుకర్ర ఉంది, ఇప్పుడది ప్లాస్టిక్. చుట్టూ చూసి, మోకాళ్ల మీద కూర్చుని (ఈ పనికి ఇదివరకు ఇంత టైం పట్టేది కాదు), మెల్లగా ముట్టుకున్నాను. కాయ గడప దాటి, కారిడార్ సగంలో అలిసిపోయి ఆగిపోయింది. తెచ్చుకుందామని లేస్తుంటే ఫోన్ మోగింది. చంపాపేట్ నుంచి ఆంటీ మెసేజ్. ఇప్పుడు అసోసియేషన్ సెక్రటరీ ఆవిడేనని పిన్ని పొద్దున చెప్పింది గానీ, కెమెరా కూడా ఆవిడ ఫోన్లోనే ఉంటుందని నాకు తట్టలేదు.

"జర గట్టిగ బిడ్డా. ముసలోనివైతున్నవు."

కెమెరాకు నమస్కారం పెట్టి, కాయ తెచ్చుకుని, మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాను.