జిల్లేడు వంతు

బెంజ్ సర్కిల్ వెనక సందులో ఉండే ఉదయభాస్కర్ గారు రోజూ ఆఫీసుకు వెళ్లేముందు లుంగీ ఎగ్గట్టి, వంటింటి కిటికీ దగ్గర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటారు. చప్పుడుకు పిట్టలు బెదురుతాయని కెమెరాకు పాత తువ్వాలు చుడతారు. తేనెపిట్ట వాలితే ఊపిరి బిగబడతారు. అది ఎగిరిపోతే ఎవరో తిట్టినట్టు ముఖం పెడతారు. ఫోటో బాగా కుదిరిన రోజు మాత్రం చట్నీలో ఉప్పు లేకపోయినా అడగరు. ఈ వానాకాలం గోడవారనున్న జిల్లేడు మొక్కలో దర్జీ పిట్ట ఒక ఆకును మడిచి, అంచులు కుట్టి గూడు కట్టుకుంది. చూడ్డానికి అందరూ మూగుతారని ఆయన భార్యకు కూడా చెప్పలేదు.

వినాయక చవితి పొద్దున మట్టి గణపతిని తీసుకుని ఇంట్లోకి వచ్చేసరికి పళ్లెం నిండా పత్రి కనిపించింది. పూజకు జిల్లేడాకు కూడా కావాలన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

“జిల్లేడాకు మన దొడ్లోదేనా?” అన్నారు, విగ్రహం ఇంకా చేతుల్లోనే ఉంది.

“అసలు కొయ్యలేదండీ,” అంది శ్రీలలిత, కుడుములు పొయ్యి మీద పెడుతూ. “ఇన్నాళ్లుగా మీరు దాన్నే చూస్తున్నారుగా. మీరు వెళ్లాక నేనూ చూస్తున్నాను. నిన్న పిల్లలయ్యాయి. మధ్యాహ్నం ఎండ పడితేనే కనిపిస్తాయి, పొద్దున మీకు కనపడవు.”

ఆయన విగ్రహాన్ని మెల్లగా పీట మీద పెట్టారు. పూజలో జిల్లేడు వంతు వచ్చినప్పుడు, లేని ఆకుకు బదులుగా రెండు చేతులా అక్షింతలు వేశారు.