కనుమ కింద ఆగే లారీ

ఇదిర్ బాబాయికి కనుమ కింద ఇంకో సంసారం ఉందని మా ఊళ్ళో చెప్పుకునేవారు. వేసవి రాగానే ఆయన లారీలో మందల్ని అట్లాస్ కొండల మీది మేతకు చేరుస్తాడు. దారిలో ఎవరు బతిమాలినా ఆపడు గానీ, కనుమ కింద ఒక మట్టి ఇంటి ముందు మాత్రం ఆపుతాడు. నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ పట్టుకుని లోపలికి వెళ్తాడు. తలుపు తీసేది ఒక ఆడమనిషి. కాపర్లు కళ్ళారా చూశారు.

"చక్కెర దిమ్మతో ఊరికే పోతారా ఎవరైనా? అది పిల్లనడగబోయేవాళ్ళు పట్టుకెళ్ళేది. మీ ఆయన ఏటా పెళ్ళికొడుకే, తుదా!" అనేది రొట్టెల పొయ్యి దగ్గర ఇజ్జా అత్త.

తుదా మా అమ్మ చెల్లెలు, ఇదిర్ బాబాయి భార్య. పిండి ఇంకా గట్టిగా పిసికేది.

మొన్న చలికాలంలో బాబాయి తల్లి యామ్నా అవ్వ పోయింది. ఎండలు ముదిరాక ఒకనాడు ఆయన, "ఈసారి నువ్వూ రా, తుదా" అన్నాడు. పెళ్ళయ్యాక ఎన్నడూ అనని మాట. పిన్ని తన పెళ్ళిపెట్టె సర్ది లారీ ఎక్కించింది. బడి మానేసి ఇంట్లోనే ఉంటున్నాను కదా, నన్ను తోడు రమ్మంది.

"మేతకు పెళ్ళిపెట్టె ఎందుకే?" అన్నాడు బాబాయి.

"చలేస్తుందిగా."

నాకు మాత్రం అసలు సంగతి చెప్పింది. ఆ పుకారు నిజమైతే కనుమ అవతల దిగి తన అన్న ఊరికి పోతుంది. ఇక తిరిగి రాదు.

లారీ కింది అరలో గొర్రెలు, పై అరలో మేకలు, ఆ పైన కాపర్లు. ఎర్ర లోయ దాటేదాకా వేడిగాలి ముఖాన కొట్టింది. రాత్రి ఒక వాగు పక్కన ఆగి, తెల్లారగానే మళ్ళీ బయలుదేరాం. రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంటే పైనుంచి కాపరి ఉస్సా కేబిన్ మీద దబదబా బాదాడు.

"నెమ్మది, ఇదిర్! మేకకు కళ్ళు తిరుగుతున్నాయి!"

"మేకకా, నీకా?"

పిన్ని నవ్వబోయి ఆపుకుంది. అక్రోటు చెట్లు, వాటికి పైన కొండల మీద మంచు చారలు. ఈ దారి ఆమె ఎప్పుడూ చూడలేదు. కాసేపు పెట్టె సంగతి మరిచిపోయినట్టు కిటికీలోంచి తల బయట పెట్టి చూసింది.

సాయంత్రం లారీ ఆ మట్టి ఇంటి ముందు ఆగింది.

"రేపే మేతలోకి మందల్ని వదిలేది! ఆలస్యమైతే మంచి చోటు పోతుంది. అత్తారింటి మర్యాదలు తొందరగా కానివ్వు!" అని అరిచాడు ఉస్సా.

తలుపు తీసినామె పేరు ఇత్తో. "ఇన్నాళ్ళకు మరదల్ని తెచ్చావా, తమ్ముడూ!" అంది. పిన్నికి నమ్మకం కుదరలేదు. ఎవరినైనా తమ్ముడూ అనొచ్చు.

లోపల గోడవార ఒక ముసలమ్మ కూర్చుంది. చూపు లేదు. బాబాయి చక్కెర దిమ్మ ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె ఆయన చెంపలు తడిమి, "చిక్కిపోయావురా" అంది.

"ఈమె ఎవరు?" అంది పిన్ని.

"నన్ను కన్నామె ఇదే దారిలో, మంద వెంట నడుస్తూ, నన్ను కని చనిపోయింది. ఈ అమ్మకు అప్పుడు ఇత్తో చంటిది. నాకూ పాలిచ్చింది. ఆ పాలతో ఇత్తో నాకు సొంత అక్కే అయింది" అన్నాడు బాబాయి తలొంచుకుని. "మా నాన్న యామ్నా అమ్మను తర్వాత చేసుకున్నాడు. అప్పుడే మీ ఊరు చేరాం."

"నాకైనా చెప్పలేదేం?"

"ఆవిడ నన్ను తానే కన్నానని ఊరంతా చెప్పుకునేది, తుదా. ఆవిడ బతికుండగా ఆ మాట నేనెలా కాదనను?"

"మరి పొయ్యి దగ్గర నేను పడ్డ మాటలు?"

పిన్ని బయటికి వెళ్ళిపోయింది. ఆమె లారీ ఎక్కి పెట్టె తాడు విప్పుతుంటే, ఇక అన్న ఊరికి పోతుందనే అనుకున్నాను. పెట్టె తెరిచి పెళ్ళినాటి ఉన్ని దుప్పటి తీసింది. దాన్ని తెచ్చి ముసలమ్మ భుజాల చుట్టూ కప్పింది.

"ఎవరు?" అంది ముసలమ్మ.

"నీ కోడల్ని" అంది పిన్ని. ఆ తర్వాత బాబాయి వైపు తిరిగి, "మిగతా లెక్క దారిలో తేలుస్తా" అంది. బయట ఉస్సా అరుస్తూనే ఉన్నాడు. టీ తాగేదాకా ఎవ్వరూ కదల్లేదు.

చలి మొదలై మేము దిగి వచ్చాక, పొయ్యి దగ్గర ఇజ్జా అత్త పిన్నికి చోటిచ్చి మరీ కూర్చోబెట్టింది. "ఏమే, సవతిని చూశావా?"

పిన్ని రొట్టె తిరగేసింది.

"చూశాను. ఆమే, మా ఆయనా ఒకే తల్లి పాలు తాగారు."