కుట్ల మేస్త్రి రాసిన కారణం

మా ఆసుపత్రి అత్యవసర విభాగంలో గాయాలకు కుట్లు వేసే డ్రెస్సర్‌ను అందరూ కుట్ల మేస్త్రి అనేవారు. ఆయన నొచ్చుకునేవాడు కాదు. మేస్త్రి కట్టిన గోడ బీటలిస్తే జనం తిడతారు, నేను కట్టింది వారానికి నేనే విప్పేస్తాను, ఇక తిట్టేదెవరు అనేవాడు. చదువు పదో తరగతితో ఆగిపోయింది. చేతిలో పనితనం మాత్రం పెద్ద చదువులు చదివిన డాక్టర్లు కూడా పక్కన నిలబడి చూసేటంత ఉండేది. నర్సుగా ఆయనకు పదకొండేళ్లు ట్రేలు అందించాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్పగలను.

పొద్దున్నే టీ తాగుతూ పేపరులో మూడో పేజీ ఒక్కటే చూసేవాడు. అందులో ఫొటో ఉండేది. బల్ల మీద మత్తు మందు పొట్లాలు, వాటి వెనక పెళ్లి ఫొటోలో బంధువుల్లా వరసగా పోలీసులు, వాళ్ల ముందు ముఖానికి గుడ్డ కప్పుకున్న ఒక అభాగ్యుడు. మేస్త్రి ఏ వీధో చూసి, వేళ్ల మీద లెక్క పెట్టి, "ఎల్లుండికి పెద్ద ట్రేలు ఆరు సిద్ధం చెయ్యమ్మా" అనేవాడు.

మొదటిసారి నవ్వాను. పంచాంగం కూడా చెబుతారా అని ఎగతాళి చేశాను. మూడో రోజు అదే వీధి నుంచి పొట్టలో పోటుతో ఒకడు, భుజం చీలి ఇంకొకడు వచ్చారు. ఆ తర్వాత నేను నవ్వలేదు.

"అమ్మేవాణ్ణి లోపలేశారు. కొనేవాళ్లు మానేశారా? ఆ మూల ఇప్పుడెవడిదో తేలాలి కదా. నిన్నటిదాకా ఒక్క వెధవ. ఇవాళ నలుగురు, నలుగురి దగ్గరా కత్తులు," అన్నాడు. అలాగని అమ్మేవాళ్ల మీద ఆయనకు జాలేమీ లేదు. ఆ మందుకు అలవాటు పడి ఒళ్లు గుల్ల చేసుకున్నవాళ్లను ఎంతమందిని చూశాడో! పట్టుకోండి, కానీ కొనేవాడికి వైద్యం కూడా చెయ్యండి అనేవాడు. వైద్యానికి మా దగ్గర ఎనిమిది పడకల వార్డు ఉండేది. ‘మత్తు లేని నగరం’ అని ప్రభుత్వం పథకం పెట్టాక దానికి తాళం వేసి, ఆ పథకం పోస్టర్లే అందులో నింపారు. తిక్క కాకపోతే ఏమిటి!

పథకం వచ్చాక ప్రతి స్టేషనూ నెలకు ఇన్ని అరెస్టులు చూపించాలన్నారు. చూపించారు. అంతకు ముందు మేస్త్రి చెప్పే మూడో రోజు నెలకు ఒకటో రెండో వచ్చేది. ఇప్పుడు రోజూ మూడో రోజే.

ఒకసారి పథకం చూసే పెద్ద అధికారి సమీక్షకు వచ్చాడు. సిబ్బంది ఏమైనా చెప్పదలచుకుంటే చెప్పమన్నాడు, మర్యాదకి. మేస్త్రి లేచాడు. ఏ తేదీన ఏ వీధిలో అరెస్టు, మూడో రోజున ఎన్ని పోట్లు, కాగితం చూడకుండా గడగడా చెప్పాడు. అధికారి శ్రద్ధగా విని, చేతులు జోడించి మరీ ధన్యవాదాలు చెప్పాడు. నేను పిచ్చిదాన్ని, పొంగిపోయాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయినా బాగుండేది. విన్నాడు, విని మాకే ఎసరు పెట్టాడు.

రెండు వారాలకు ఉత్తర్వు వచ్చింది. పోలీసుల చీటీ లేకుండా గాయాల రిజిస్టరులో ‘కత్తిపోటు’ అని రాయకూడదట. ఆ చీటీ ఎన్నడూ సమయానికి రాదు. మరి కారణం దగ్గర ఏం రాయాలని మేస్త్రి అడిగితే, గాజు పెంకు గుచ్చుకుందని రాయమని సూపరింటెండెంటు నోటిమాటగా చెప్పాడు. మేస్త్రి వాదించాడు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లేగా అని సూపరింటెండెంటు గుర్తు చేశాడు. వాదన అక్కడితో ఆగింది.

ఏడాదిలో రెండు వందల పైచిలుకు గాజు పెంకులు రాశాడు. ఈ ఊళ్లో ఇంత గాజు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. కత్తిపోట్లు సగానికి తగ్గాయని కొత్త పోస్టర్లు అచ్చయ్యాయి.

ఆయనకు నా అన్నవాళ్లు ఒక్క చెల్లెలే. బస్టాపు పక్క మూలలో ఇస్త్రీ బండి నడిపేది. మాటకారి. అన్నయ్య ఊరందరినీ కుడతాడు కానీ నా జాకెట్టుకి హుక్కు కుట్టమంటే చేతకాదంటాడని నాతో చెప్పి నవ్వేది. ఆమె మూల పేరు మూడో పేజీలో వచ్చిన రోజున మేస్త్రి స్వయంగా వెళ్లి, రెండు రోజులు బండి తీయవద్దని బతిమాలాడు. హోటలు వాళ్ల యూనిఫాంలు ఒప్పుకున్నానని ఆమె తీసింది.

మూడో రోజు మధ్యాహ్నం ఇద్దరు ఆమె బండి ముందే కలబడ్డారు. కత్తి దూసినవాడు ఆమె దగ్గరే చొక్కాలు ఇస్త్రీ చేయించుకునేవాడు. తెలిసినవాడే కదా అని అడ్డం వెళ్లి చెయ్యెత్తింది. కత్తి కుడి మణికట్టు పైన దిగింది.

డాక్టరు ఆపరేషను గదిలో ఉన్నాడు. మేస్త్రే కుట్టాడు. కంట నీరు పెట్టలేదు. రక్తం ఆగాక రిజిస్టరు ముందుకు లాక్కుని రోజూ రాసినట్టే రాశాడు. పేరు, వయసు, కారణం: గాజు పెంకు. రెండో సంతకం నర్సుది, కాబట్టి కింద నేను సంతకం పెట్టాను.

ఆ పోట్లాట బస్టాపంతా చూసింది. అందుకని పోలీసులు ఈసారి నిజంగానే వాణ్ణి పట్టుకున్నారు. డాక్టరు రిజిస్టరు చూసి గాయం పత్రం రాసిచ్చాడు. వాడి వకీలు ఆ పత్రం కోర్టులో చదివాడు, వాడికి బెయిలు దొరికింది. వాడు మళ్లీ అదే మూలలో నిలబడ్డాడు. నరం అతికించే ఆపరేషను చేసినా చెల్లెలి వేళ్లు ముడుచుకోలేదు.

రిజిస్టరులో గాజు పెంకు అని ఉన్న సంగతి చెల్లెలికి తెలిసిన రోజు వార్డులో నేను పక్కనే ఉన్నాను.

"అన్నయ్యా, కుట్టింది నువ్వే. ఎంత లోతుందో నీ వేళ్లకి తెలుసు. గాజని ఎలా రాశావు?"

"రాసినట్టు కూడా తెలీలేదమ్మా. అలవాటైపోయింది," అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు, ఆ ముఖం వైపు చూడలేదు.

మర్నాడు ఆయన తాను రాసింది అబద్ధమని, అది కత్తిపోటేనని కాగితం రాసి సూపరింటెండెంటు ముందు పెట్టాడు. ఇదొక్కటే అబద్ధమా, మిగతావీ అబద్ధమేనా అని ఆయన అడిగాడు. అన్నీ అబద్ధమేనన్నాడు మేస్త్రి. సాయంత్రానికి సస్పెండు చేశారు. రెండు వందల అబద్ధాలు రాశానని ఒప్పుకున్న మనిషి ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని ఎలా నమ్మాలని కోర్టులో వకీలు అడిగాడు. రాయించినవాడి పేరు ఏ కాగితంలోనూ లేదు.

బస్టాపులో చూసినవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. వాడు రోజూ కనబడే వీధిలో వాళ్లు బతకాలి. ఇక మిగిలింది రిజిస్టరులోని రెండో సంతకం.

మేస్త్రి మీద ఆసుపత్రి వాళ్లు పెట్టిన విచారణకు నన్ను పిలిచారు. మేస్త్రి బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను ఏమీ కోరలేదు. ఎండన పడి వచ్చావు, మంచినీళ్లు తాగి లోపలికి వెళ్లమ్మా అన్నాడు, అంతే. లోపల ఒకే ప్రశ్న వేశారు. కారణం చదివి సంతకం పెట్టారా, చదవకుండా పెట్టారా? చదివాననీ, గాయం నా కళ్లతో చూశాననీ, అది కత్తి గాయమేననీ అంటే ఆయన మాటకు నా మాట తోడయ్యేది. నా సర్వీసు ఇంకా పదమూడేళ్లుంది. పని ఒత్తిడిలో చదవలేదని చెప్పాను. మందలించి పంపేశారు.

కేసు కొట్టేశారు. చెల్లెలు బండి అమ్మేసి ఊరి చివర గదికి మారింది, అన్నతో మాట్లాడటం లేదు. ఆయన్ను పింఛను లేకుండా ఇంటికి పంపారు. ఆయన జీవితం గురించి ఎవరైనా అడిగితే తప్పుడు రాతలు రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడంటారు. నేను కాదనను, ఎందుకంటే కాదంటే తర్వాతి ప్రశ్న నాకు వస్తుంది.

ఆ రోజు నేను చదివాను. రెండుసార్లు చదివాను. దిద్దించాలంటే డాక్టరును పిలవాలి, పోలీసులకు కబురు పెట్టాలి, మూడు గంటలు అక్కడే ఉండాలి. నా డ్యూటీ దిగడానికి పది నిమిషాలుంది. చెల్లెలు ఆయనది కదా, ఆయనే చూసుకుంటాడులే అనుకుని సంతకం పెట్టి ఇంటికి వెళ్లిపోయాను.