కుర్చీ జరిపిన చప్పుడు

నాన్న పోయిన సంగతి అమ్మకు చెప్పే పని ఆసుపత్రి డాక్టరు అక్క నెత్తిన రుద్దాడు. ఆ ఆసుపత్రిలో అక్క ఉద్యోగమే అది. సైకాలజీ చదివి, రోగులకు ధైర్యం చెప్పడానికని చేరి, చివరికి చావు కబుర్లు చెప్పే మనిషిగా మిగిలింది. కానీ ఆ రోజు ఆమె డ్యూటీలో లేదు. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చిన కూతురు, అంతే. డాక్టరు బయటికొచ్చి, "సారీ మేడమ్. అమ్మగారికి మీరే చెప్పండి. మాకంటే మీకు బాగా వచ్చు కదా" అని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. తండ్రి లేడని అక్కకు తెలిసిందీ ఆ మాటతోనే.

తమ్ముడు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. అక్క అమ్మను ఆసుపత్రిలో ఆ కబుర్లు చెప్పే తన గదిలో కూర్చోబెట్టింది. కుర్చీ లాగి, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. మంచినీళ్ల గ్లాసు అందించి, రెండు గుక్కలు తాగనిచ్చి, మెత్తని గొంతుతో చెప్పింది. ఏడవలేదు. ఆ గదిలో ఏడవకూడదని ఏళ్లుగా నేర్చుకుంది. నేర్చుకున్నది ఆ కాసేపు మరిచిపోవడం ఆమెకు చేతకాలేదు.

అమ్మ ఆమె మొహంలోకి చూసి, "ఎవరి నాన్నో పోయినట్టు చెప్తున్నావేంటే?" అంది.

ఆ తర్వాత ఇంట్లో అక్క కుర్చీ జరిపితే చాలు, అమ్మ చేతిలో పని వదిలేసేది. "ఈసారి ఎవరే?" అంటూ లేచి నిలబడేది.

"ఎవరూ కాదమ్మా, కూర ఏం వండనా అని."

"ఆ మాట పొయ్యి దగ్గర్నుంచి అరిచి చెప్పు."

అక్క అరవడం అలవాటు చేసుకుంది. "ఆసుపత్రిలో గుసగుసలు, ఇంట్లో గావుకేకలు. చదువు బాగానే అక్కరకొచ్చిందక్కా" అని తమ్ముడు వెక్కిరించేవాడు. అక్క నవ్వేది. పని మార్చమని పెద్ద డాక్టరును అడిగింది కూడా. "నీలా చెప్పేవాళ్లు ఇంకెవరున్నారమ్మా?" అన్నాడాయన. మెచ్చుకుని మనిషిని కట్టిపడేయడం ఆ పెద్దమనుషులకు వెన్నతో పెట్టిన విద్య. అక్కకు కావలసింది ఒక్కటే, అమ్మ ఒళ్లో తలపెట్టి నాన్న కోసం ఒక్కసారి ఏడవడం. దగ్గరికి వెళ్తే అమ్మ బెదిరిపోయేది.

నాలుగు రోజులుండి వస్తానని అమ్మ వేరే ఉంటున్న కొడుకింటికి వెళ్లింది. నెల దాటాక, "అది బంగారమేరా. దాన్ని చూస్తే ఆ గదే కళ్లముందుకొస్తోంది. నేనిక వెళ్లను, నువ్వే చెప్పు" అంది.

అక్కాతమ్ముళ్లు ఆఖరుసారి కలిసింది ఆసుపత్రిలో ఆ గదిలోనే. అక్క అన్నం డబ్బాకి మూత పెడుతోంది. "అమ్మ మంచం దులిపి దుప్పటి మార్చానురా. ఆదివారం తీసుకొస్తావా?" అని గట్టిగా అడిగింది. ఇంటి గొంతు. తమ్ముడు తనకు తెలియకుండానే కుర్చీ లాగి దగ్గరగా కూర్చున్నాడు. గ్లాసులో నీళ్లు పోసి ఆమె ముందు పెట్టాడు.

అక్క ఆ గ్లాసుకేసి చాలాసేపు చూసింది. నీళ్లు ముట్టుకోలేదు. గొంతు దానంతటదే మెత్తబడింది.

"అమ్మ రానంది, అంతేగా? సరేలే. లేరా, బయట వాళ్లెవరో ఎదురుచూస్తున్నారు. ఆ కుర్చీ కావాలి నాకు."